బాలింత కంచానికి ఇంతమంది కాపలాదారులా?

తల్లి తిన్నదే బిడ్డకు పాలవుతుంది. తెలుగు ఇళ్ళల్లో ఈ మాటకు ఎదురు చెప్పినవాళ్ళు అరుదు. పురిటి మంచం చుట్టూ చేరే అమ్మ, అత్తగారు, మేనత్త, పక్కింటి పిన్నిగారు మిగతా విషయాల్లో ఎంత పడకపోయినా ఇక్కడ మాత్రం ఏకగ్రీవం. పెరుగు వేసుకుంటే పసివాడికి పడిశం. వంకాయ తింటే దురద. పప్పు తింటే వాతం, బిడ్డకు కడుపుబ్బరం. గుమ్మడికాయ, దోసకాయ, ఆనపకాయ చలవ. నీళ్ళు ఎక్కువ తాగితే కుట్లు చీము పడతాయి, పొట్ట జారుతుంది. ఇన్నీ తీసేశాక కంచంలో మిగిలేది పాత బియ్యపు అన్నం, కాచిన నెయ్యి, వెల్లుల్లి కారం, శొంఠి పొడి. మూడో రోజుకు ఆ కంచం ముందే నిలబడి అడుగుతారు: "పాలు పడ్డాయా అమ్మాయ్?" ఇంకా లేదంటే తీర్మానం సిద్ధంగా ఉంటుంది. పిల్ల సరిగ్గా తినలేదు, అందుకే పాలు లేవు. తిననివ్వనిదీ వాళ్ళే, తినలేదని తప్పు పట్టేదీ వాళ్ళే.

నా వాదన చిన్నది. కాన్పయ్యాక మొదట వచ్చే ముర్రుపాలు బాలింత ఈ వారం తిన్న అన్నంతో తయారయ్యేవి కావు. కాబట్టి ఆ అన్నాన్ని కోసినంత మాత్రాన అవి శుద్ధి కావు, పెంచినంత మాత్రాన పొంగవు. ఆ తర్వాత నెలల తరబడి ఊరే పాలలో కొన్ని విటమిన్లు మాత్రం తల్లి తిండి మీద ఆధారపడతాయి, నిజమే. కానీ ఆ కొన్నీ సరిగ్గా పథ్యం తీసిపారేసే పదార్థాల్లోనే ఉన్నాయి. అంటే మన పెద్దలు తిండికీ పాలకీ సంబంధం లేనిచోట కల్పించారు, ఉన్నచోట తెంచారు.

ముర్రుపాలు ఎప్పుడు తయారవుతాయి? కాన్పయ్యాక కాదు. ఐదో నెల వచ్చేసరికే రొమ్ములోని కణాలు ఆ పనిలో పడతాయి. కొందరికి నెలలు నిండకముందే జాకెట్టు మీద పసుపు మరక కనబడుతుంది. అది రోగం కాదు, పాలు సిద్ధంగా ఉన్నాయన్న గుర్తు. అప్పటిదాకా వాటిని పొంగకుండా ఆపి ఉంచేది మాయ నుంచి వచ్చే ప్రొజెస్టెరాన్. బిడ్డ పుట్టి, మాయ పడగానే ఆ హార్మోను రక్తంలో తగ్గిపోతుంది, పాలను ఊరించే ప్రొలాక్టిన్‌కు అడ్డు తొలగుతుంది. రెండో రోజు చివర్లోనో మూడో రోజో రొమ్ములు బరువెక్కి పాలు దిగుతాయి. ఈ వరసలో ఎక్కడా శొంఠికి గానీ పెరుగుకు గానీ పాత్ర లేదు. ఆ మూడు రోజులూ తల్లి బ్రెడ్డు ముక్క, కాఫీ మీద గడిపినా పాలు దిగుతాయి. విందు భోజనం చేసినా అదే వేళకు దిగుతాయి.

కొందరికి ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యానికి కారణాలు వైద్యులకు బాగా తెలిసినవే: తొలి కాన్పు, సిజేరియన్, గర్భంలో వచ్చిన షుగరు, అధిక బరువు, విపరీతమైన రక్తస్రావం. అన్నిటికన్నా ముఖ్యంగా గుర్తు పెట్టుకోవాల్సింది ఇంకొకటి ఉంది. మాయ ముక్క ఏదైనా గర్భసంచిలో మిగిలిపోతే, శరీరం ఇంకా గర్భం ఉందన్నట్టే నడుచుకుంటుంది, పాలు దిగవు. ఐదారు రోజులైనా రొమ్ము బరువెక్కలేదంటే చూడాల్సింది కంచంలోకి కాదు, గర్భసంచిలోకి. మెంతులు ఇంకో గుప్పెడు వేసి చూద్దాం అని వారం గడిపేసే ఇళ్ళల్లో అసలు జబ్బు దాక్కునేందుకు సమయం దొరుకుతోంది. తల్లి తిండి మీద వేసిన నింద ఇలా ప్రాణం మీదకు కూడా తేవచ్చు.

ఇక పరిమాణం. మొదటి ఇరవై నాలుగు గంటల్లో వచ్చే ముర్రుపాలన్నీ కలిపినా చిన్న కాఫీ కప్పు సగం నిండితే గొప్ప. ఒక్కో తాపుకు చెంచాడో, రెండు చెంచాలో. దాన్ని చూసి ఇంటిల్లిపాదీ బెంగపడతారు. కానీ ఆ రోజు బిడ్డకు కావలసింది అంతే. నీరూ కొవ్వూ కొంత నిల్వ వేసుకునే పుడతాడు వాడు. మొదటి రోజుల్లో పుట్టిన బరువులో 7 నుంచి 10 శాతం దాకా తగ్గి, రెండు వారాల్లోపు తిరిగి పుంజుకోవడం మామూలు సంగతి. ఆ చెంచాడు పాలలో చక్కెర, కొవ్వు తక్కువ, ప్రోటీన్ ఎక్కువ. ఆ ప్రోటీన్‌లోనూ పెద్ద వాటా పేగు గోడలకు కాపలా కాసే ఇమ్యునోగ్లోబులిన్ ఎ, క్రిములకు ఇనుము దొరక్కుండా చేసే లాక్టోఫెర్రిన్. వాటితో పాటు బతికున్న తెల్లకణాలు లక్షల్లో ఉంటాయి. బిడ్డ కడుపులోని నల్లటి, జిగట తొలి దొడ్డిని బయటికి నెట్టేదీ ఈ పాలే. ఆముదం చుక్కలు వేసేది ఆ పని కోసమేనంటారు గానీ, ఆ పని చేసే పాలను పిండి పారబోసి ఆముదం వెయ్యడం ఏం తెలివి?

పారబోయడానికి చెప్పే కారణం రంగు. పచ్చగా, చిక్కగా ఉంది కాబట్టి నిల్వ పాలు, చెడిపోయిన పాలు అంటారు. ఆ పచ్చదనం కెరోటిన్‌ది, అంటే ఎ విటమిన్ వర్గానిది. గేదె ఈనితే ఆ చిక్కటి తొలిపాల కోసం వీధి వీధంతా గిన్నెలు పట్టుకు తిరుగుతుంది. బెల్లం, యాలకులు వేసి జున్ను వండుకుని లొట్టలేస్తాం. దూడకు దక్కాల్సినదాన్ని మనం తిని, మన బిడ్డకు దక్కాల్సినదాన్ని తూములో పోస్తాం.

పూర్వీకులను ఊరికే వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. వాళ్ళ చూపు చురుకైనదే. సుశ్రుతుడు మూడు నాలుగు రాత్రుల తర్వాత స్త్రీలకు పాలు దిగుతాయని రాశాడు. హార్మోన్ల పేరు తెలియని కాలంలో ఇది ఎంత సరైన పరిశీలన! ఆధునిక శాస్త్రం చెప్పే గడువు కూడా ఇంచుమించు అదే. పొరపాటు పరిశీలనలో లేదు, దాన్నుంచి తీసిన నిర్ణయంలో ఉంది. పాలు దిగేదాకా బిడ్డకు తేనె, నెయ్యి నాకించమన్నారు. రొమ్ములో అప్పటికే ఉన్న ముర్రుపాలు లెక్కలోకి రాలేదు. ఇది మన ఒక్కళ్ళ పొరపాటు కూడా కాదు. క్రీస్తు శకం రెండో శతాబ్దపు గ్రీకు వైద్యుడు సొరానస్ ముర్రుపాలు అరగవని, రోజుల తరబడి తల్లి పాలు పట్టొద్దని ఉపదేశించాడు. యూరప్ చాలా శతాబ్దాలు ఆయన మాట విన్నది. తేనె సంగతి మాత్రం ఒక్క మాట: ఏడాది లోపు పసివాళ్ళకు అది బొటులిజం అనే పక్షవాతపు జబ్బు తేగలదు. తొలిచుక్కగా తేనె నాకించే మర్యాద మానుకోవడం మంచిది.

ముర్రుపాలు బిడ్డకు అందకపోవడానికి ఈ కాలంలో కారణం తల్లి పథ్యం కాదు, ఆసుపత్రి గడియారం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశం సగటు 21.5. అదే సర్వేలో, పుట్టిన గంటలోపు తల్లి పాలు అందిన పిల్లలు దేశం మొత్తం మీద 41.8 శాతమే. కోత కోసిన తల్లి ఒక గదిలో, గుడ్డలో చుట్టిన బిడ్డ ఇంకో గదిలో, మధ్యలో చక్కెర నీళ్ళో డబ్బా పాలో పట్టుకుని నాయనమ్మ. ఆరు గంటలయ్యాక బిడ్డను తెచ్చి రొమ్ము దగ్గర పెడితే వాడు కడుపు నిండి నిద్రపోతుంటాడు, చీకడు. చీకకపోతే ప్రొలాక్టిన్‌కు పిలుపు అందదు. పాలు ఇంకా ఆలస్యం. "మా కోడలికి పాలు లేవండీ" అని అందరికీ చెప్పేది అప్పుడే. ఆ మాటకు సాక్ష్యంగా ఆ అమ్మాయి తిండిని చూపిస్తారు గానీ, మొదటి గంటలో బిడ్డను ఎవరు ఎక్కడ ఉంచారన్నది ఎవరూ అడగరు.

ఆ గంట విలువ కొలిచినవాళ్ళున్నారు. ఘానా గ్రామీణ ప్రాంతంలో దాదాపు పదకొండు వేల మంది శిశువులను గమనించి 2006లో ఒక అధ్యయనం ప్రచురించారు. పిల్లలందరికీ మొదటి గంటలోనే తల్లి పాలు మొదలుపెడితే మొదటి నెల మరణాల్లో 22 శాతం, మొదటి రోజున మొదలుపెడితే 16 శాతం తప్పించవచ్చని వాళ్ళ అంచనా. ఆ తల్లులేమీ బలమైన తిండి తినేవాళ్ళు కారు. తేడా తెచ్చింది వేళ.

పేద తల్లి పాలు నీళ్ళపాలు అన్న అభిప్రాయాన్ని కూడా చాలాకాలం క్రితమే మనవాళ్ళు పరీక్షకు పెట్టారు. 1950ల చివర్లో సి. గోపాలన్, భవాని బెలవాడి కలిసి, చాలీచాలని తిండి తినే తల్లుల పాలను విశ్లేషించారు. ప్రోటీన్, కొవ్వు, లాక్టోజు బాగా తినే దేశాల తల్లుల పాలకు ఇంచుమించు దగ్గరగానే ఉన్నాయి. తగ్గినవి కొన్ని విటమిన్లు. 1977లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో వినోదిని రెడ్డి బృందం ఇంకో అడుగు ముందుకు వేసి, ముర్రుపాలలోని రక్షక పదార్థాలనే కొలిచింది. ఇమ్యునోగ్లోబులిన్, లాక్టోఫెర్రిన్, లైసోజైమ్ వంటివి బలంగా ఉన్న తల్లుల్లోనూ బక్కచిక్కిన తల్లుల్లోనూ ఒకే తీరుగా కనిపించాయి. గాంబియాలోని కెనెబా గ్రామంలో బాలింతలకు రోజూ అదనపు ఆహారం పెట్టి చూసిన బ్రిటిష్ పరిశోధకులు 1983లో తేల్చిందేమిటంటే, పాలు పెరగలేదు. ఆ తిండి తల్లుల ఒంటికి పట్టింది.

దీనికి ఎదురు సాక్ష్యం కూడా ఉంది, దాన్ని దాచను. 1983లోనే కొలంబియా నుంచి వచ్చిన ఒక అధ్యయనం, పోషణ లోపించిన తల్లుల ముర్రుపాలలో కొన్ని రక్షక ప్రోటీన్లు బాగా తక్కువున్నాయని చూపింది. సరే, హైదరాబాదు మాటను పక్కన పెట్టి కొలంబియా మాటే నిజమనుకుందాం. అప్పుడైనా పథ్యానికి కలిసొచ్చేదేమిటి? నెలల తరబడి, ఏళ్ళ తరబడి అర్ధాకలితో ఉన్న ఒంటి సంగతి అది. దానికి మందు గర్భిణిగా ఉన్నప్పటి నుంచి ఎక్కువ పెట్టడం. కాన్పయిన మర్నాటి నుంచి తక్కువ పెట్టడం కాదు.

ఇక పెరుగు, పడిశం వాదన సంగతి. పాలు తయారయ్యేది రక్తం నుంచి, కడుపులోని ముద్ద నుంచి కాదు. పెరుగు చల్లగా తిన్నా రొమ్ములోని పాల వేడి ఒంటి వేడే. పసివాడికి పడిశం పట్టించేది వైరస్. అది వచ్చేది చూడ్డానికొచ్చి, బుగ్గ మీద ముద్దు పెట్టి, పక్కకు తిరిగి తుమ్మే చుట్టాల నుంచి. చుట్టానికి కాఫీ ఇస్తాం, పెరుగును మాత్రం గడప దాటనివ్వం! తల్లి తిన్నదాంట్లోంచి కొన్ని అణువులు పాలలోకి వెళ్తాయన్నది నిజం. కొద్దిమంది పిల్లలకు ఆవుపాల ప్రోటీన్ పడక, తల్లి ఆవుపాలు తాగినా, పెరుగు తిన్నా వాళ్ళ దొడ్డిలో రక్తం కనబడుతుంది. వాళ్ళకు డాక్టరు సలహా మీద కొంతకాలం ఆపాల్సిందే. ఆ కొద్దిమంది పేరు చెప్పి ఊళ్ళోని బాలింతలందరి కంచంలోంచీ పెరుగు తీసేయడం న్యాయం కాదు. వెల్లుల్లి విషయంలో మాత్రం అమ్మమ్మలకు ఒక మార్కు వేయాలి. 1991లో ఫిలడెల్ఫియాలోని ఇద్దరు శాస్త్రవేత్తలు తల్లులకు వెల్లుల్లి తినిపించి చూస్తే పాలకు ఆ వాసన వచ్చింది. పిల్లలు మొహం తిప్పుకోలేదు సరికదా, ఎక్కువసేపు రొమ్ము వదల్లేదు. వెల్లుల్లి కారం ముద్ద నిశ్చింతగా తినొచ్చు. దాని పక్కన పప్పు, కూర, పెరుగు కూడా ఉండాలన్నదే నా గొడవ.

ఎందుకుండాలో చెప్పడానికి వేరే దేశం దాకా వెళ్ళనక్కర్లేదు, కోస్తా జిల్లాల చరిత్ర చాలు.

1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ఒక్క గదిలో ఒక ప్రయోగశాల పెట్టాడు. దాని పని బెరిబెరి మీద విచారణ. ఆ గదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదు తార్నాకకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అన్న పేరు పెట్టుకుంది. అంటే దేశం మొత్తానికి ఏం తినాలో చెప్పే సంస్థ పుట్టిందే బెరిబెరి కోసం. ఆనాటి మద్రాసు రాజధానిలో ఆ జబ్బుకు పుట్టినిల్లు ఉత్తర సర్కారులు, అంటే మన తీరపు జిల్లాలు. తమిళ జిల్లాల్లో, మలబారులో బెరిబెరి అంతగా లేదు. కారణం బియ్యంలో ఉంది. అక్కడివాళ్ళు ఉప్పుడు బియ్యం తినేవాళ్ళు. వడ్లను నానబెట్టి ఆవిరి పట్టినప్పుడు పొట్టు దగ్గరి బి1 విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది, తర్వాత మర పట్టినా మిగులుతుంది. మనవాళ్ళకు పచ్చి బియ్యమే కావాలి, తెల్లగా, మల్లెపువ్వులా ఉండాలి. రోకలి దంపుళ్ళు పోయి మిల్లులు వచ్చేసరికి తవుడుతో పాటు బి1 కూడా పోయింది. మిగిలిన కాస్తను నాలుగు నీళ్ళు పోసి కడిగి, గంజి వార్చి సాగనంపారు.

పెద్దవాళ్ళకు ఈ లోటు కాళ్ళ తిమ్మిర్లుగా, నీరసంగా కనబడేది. పసివాళ్ళకు అలా కాదు. తల్లి పాలలో బి1 అడుగంటితే, రెండు మూడు నెలల బిడ్డ, అప్పటిదాకా బొద్దుగా ఆడుకున్నవాడు, ఉన్నట్టుండి పాలు కక్కుతాడు. ఏడుస్తాడు గానీ గొంతు బయటికి రాదు. ఊపిరి ఎగదన్నుతుంది, గుండె ఉబ్బి గంటల్లో ప్రాణం పోతుంది. తల్లి చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంటుంది. 1941లో కూనూరు సంస్థ డైరెక్టరు ఎక్రాయిడ్, బి.జి. కృష్ణన్ కలిసి బెరిబెరి ప్రాంతంలోని శిశు మరణాలను పరిశీలించి ప్రచురించారు. పుట్టిన కొత్తలో గండం దాటిన పిల్లలు మూడో నెల దరిదాపుల్లో రాలిపోవడం అక్కడి లెక్కల్లోని ప్రత్యేకత. ఆ చావుల్లో ఎన్ని దిష్టి ఖాతాలో, ఎన్ని బాలగ్రహం ఖాతాలో పడిపోయాయో!

ఇప్పుడు బాలింత పథ్యాన్ని మళ్ళీ చూడండి. కడిగి వార్చిన తెల్లన్నం, నెయ్యి, కారం. బి1 ఉండే పప్పు నిషేధం, పెసలు, అలసందలు నిషేధం. పాలలో బి1 తల్లి తిండిని బట్టే ఉంటుంది. ఒంట్లో దాని నిల్వ కొద్ది వారాలకు మించి ఆగదు. కాన్పయిన రోజున మొదలైన పథ్యం పదకొండో రోజుతో ముగిస్తే పరవాలేదేమో గానీ, మూడు నెలలు సాగదీస్తే సరిగ్గా బిడ్డకు గండం ఉన్న వయసు దాకా తీసుకుపోతుంది. ఇది తాతలనాటి మాట అనుకునేవాళ్ళకు కశ్మీరు సమాధానం. ఇటీవలి కాలంలోనే అక్కడి పిల్లల డాక్టర్లు ఇవే లక్షణాలతో వచ్చిన పసివాళ్ళను చూశారు. తెల్లబియ్యం, కట్టుదిట్టమైన బాలింత పథ్యం, ఊపిరాడని బిడ్డ. బి1 సూది వేస్తే గంటల్లో తేరుకున్నారు.

బి12 కథ ఇంకో రకం. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు 1962లో లాన్సెట్ పత్రికలో ఆరుగురు పసివాళ్ళ గురించి రాశారు. తల్లి పాల మీదే పెరిగినవాళ్ళు, ఒళ్ళు నల్లబడి, రక్తహీనతతో, నేర్చుకున్న ఆటపాటలు మరిచి, చేతులు వణుకుతూ వచ్చారు. తల్లులకు బి12 లేదు, కాబట్టి పాలలోనూ లేదు. ఈ విటమిన్ మొక్కల్లో ఉండదు. శాకాహార కుటుంబంలో దానికున్న దారి పాలు, పెరుగు, మజ్జిగ. ఆ ఒక్క దారినీ పడిశం భయంతో మూసేస్తే బాలింతకు మిగిలేదేమిటి? మాంసాహార ఇళ్ళల్లో కూడా గుడ్డు వేడి అనీ, చేప నీచు అనీ ఆపేవాళ్ళున్నారు. అయోడిన్ కూడా తల్లి తిండిని బట్టే పాలలోకి వస్తుంది. పథ్యానికి సైంధవ లవణమే మంచిదని అయోడిన్ ఉప్పు మాన్పించే కొత్త వైద్యులు ఈ సంగతి కాస్త తెలుసుకోవాలి. కొవ్వు మొత్తంగా మారదు గానీ, అందులో మేలు రకం కొవ్వులు ఎంతన్నది తల్లి తినే చేప, నూనెలను బట్టి మారుతుంది. ఇవన్నీ ముర్రుపాలను దాటి, నెలల మీద కనబడే తేడాలు.

వీటికి విరుద్ధంగా ఇనుము, క్యాల్షియం, జింకు తల్లి తిన్నా తినకపోయినా పాలలో ఇంచుమించు ఒకే లెక్కన ఉంటాయి. బిడ్డకు ఇది వరం, తల్లికి అప్పు. కంచంలో క్యాల్షియం లేకపోయినా పాలలో దాని మట్టం తగ్గదు, ఎముకల నుంచి కొంత కరిగి వస్తుంది. పాలు మాన్పించాక ఆ ఎముక చాలావరకు తిరిగి పూడుతుంది, తినడానికి ఉంటే. కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనులు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. కాన్పులో పోయిన రక్తం దీనిపైన అదనం. ఇలాంటి మనిషికి జాతీయ పోషకాహార సంస్థ చెప్పే లెక్క ఏమిటంటే, మొదటి ఆరు నెలలు మామూలుగా తినేదానికి అదనంగా రోజుకు 600 కిలో కేలరీలు, 17 గ్రాముల ప్రోటీన్. రెండు కోడిగుడ్లు, ఓ గ్లాసు పాలు కలిస్తే ఆ ప్రోటీన్ వచ్చేస్తుంది. మన పథ్యం ఆమె మామూలుగా తినేదాంట్లోంచే సగం కోస్తోంది. నీళ్ళ సంగతీ అంతే. దాహాన్ని మించి తాగితే పాలు పెరగవు. అలాగని దాహం వేసినా తాగనివ్వకపోతే వచ్చేవి మలబద్ధకం, మూత్రంలో మంట. కుట్ల మీద ముక్కాల్సి వచ్చిన ఆడదాన్ని అడగండి, నీళ్ళు ఆపినందువల్ల ఒరిగిందేమిటో చెబుతుంది.

"మా అమ్మమ్మ పదిమందిని ఇలాగే కని పెంచింది" అన్నది ఈ చర్చలో చివరి బ్రహ్మాస్త్రం. పదిమందిని కన్న అమ్మమ్మను ఒకసారి నెమ్మదిగా అడగండి, ఎంతమంది దక్కారని. దక్కినవాళ్ళే కదా ఈరోజు కథ చెప్పగలిగేది. నలభై ఏళ్ళకే పళ్ళూడి, నడుము వంగి, ఎప్పుడూ నీరసంగా ఉండే ఆ తరం ఆడవాళ్ళ ఫొటోలు ఎవరింట్లోనైనా ఉంటాయి. పథ్యం వల్ల ఆమె బలంగా ఉందనడం కన్నా, పథ్యాన్ని కూడా తట్టుకునేంత గట్టి మనిషి అనడం న్యాయం.

ఇటీవల ఈ పాత సిద్ధాంతమే కొత్త చొక్కా తొడుక్కుని తిరుగుతోంది. పథ్యాన్ని నాటుగా భావించే చదువుకున్న తల్లిని ఇంకో రకంగా పట్టుకున్నారు. పాలు పెంచే పొడులు, పాలు పెంచే లడ్డూలు, పాలు పెంచే బిస్కెట్లు. మూలం ఒకటే, నీ కంచంలో లోపముంది కాబట్టి నీ బిడ్డకు పాలు లేవు. అత్తగారు నిషేధంతో చెప్పినదాన్ని వీళ్ళు అమ్మకంతో చెబుతున్నారు. గోదావరి జిల్లాల్లో తెలకపిండితో మునగాకు కలిపి వండే కూర, సముద్రపు ఒడ్డున పాలసొర పిట్టు, పచ్చి బొప్పాయి కూర... ఇవి పాలను పెంచుతాయన్నదానికి గట్టి రుజువు లేదు. అయినా తెలకపిండి నిండా ప్రోటీనూ క్యాల్షియమూ, సొరలో ప్రోటీనూ బి12. బాలింతకు పెట్టదగిన తిండి ఇంతకన్నా ఏముంటుంది? పెట్టండి, కమ్మగా తింటుంది. పాల కోసమని కళ్ళు ఉరుముతూ పెట్టకండి. పాలు పెంచేది తరచుగా, రాత్రి కూడా, బిడ్డ సరిగ్గా నోరు పట్టి చీకడం. రొమ్ము ఎంత ఖాళీ అయితే అంత ఊరుతుంది. చీకడం కుదరని బిడ్డయితే చేత్తో పిండి చెంచాతో పట్టాలి. ఇదంతా చూపించడానికి ఒక అనుభవం గల నర్సు పక్కన కూర్చుంటే చాలు.

బాలింత తిండి విషయంలో ప్రభుత్వాల లెక్కలోనూ ఒక గుంట ఉంది. తెలంగాణలో 2015 జనవరి నుంచి ఆరోగ్య లక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో ఒక పూట నిండు భోజనం పెడుతున్నారు: అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. ఈ వ్యాసంలో నేను అడిగినవి దాదాపు అన్నీ ఆ ఒక్క పళ్ళెంలో ఉన్నాయి. కానీ కేంద్రానికి వచ్చి కూర్చుని తినాలన్నది దాని మూల ఆలోచన. పురిటి రోజుల్లో బాలింత గడప దాటదు. పుట్టింటికి పోయిన అమ్మాయి పేరు అత్తగారి ఊరి రిజిస్టరులో ఉంటుంది. అతి ఎక్కువగా కావలసిన వారాల్లోనే ఆ పళ్ళెం ఆమెకు అందదు. అందినా, గుడ్డు ఆడబిడ్డ పిల్లాడికి, పాలు మామగారి కాఫీకి పోయే ఇళ్ళు లేవనను. ఆశా కార్యకర్త కాన్పు తర్వాత ఇంటికొచ్చే సందర్శనలు ఎలాగూ ఉన్నాయి. బిడ్డ బరువు తూచేటప్పుడు, తల్లి ఈ పూట ఏం తిన్నదో కూడా అడిగి కార్డులో రాయాలి. అడిగేటప్పుడు అత్తగారు గదిలో ఉండాలి, సమాధానం మాత్రం కోడలు చెప్పాలి.